బండి బాగోగులు: ఇంజన్ కవర్లకి ముడతల రంగు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంజన్ కవర్ల రంగు గురించే. సంక్రాంతికి బండి కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టేటప్పుడు పొట్టు లేచిపోయిన కవర్లు కళ్ళకి కనపడతాయి కదా, అందుకే కాబోలు. కార్బరేటర్లు, బ్యాటరీల సంగతి వచ్చే నెల చూద్దాం, ఈసారి మొత్తం దీనికే.

ప్రశ్న: అన్నా, నా బండి కొని పదకొండేళ్ళయింది. ఇంజన్‌కి రెండు పక్కలా ఉన్న నల్ల కవర్లు పొట్టు లేచిపోయి కింద తెల్ల పొడి కనపడుతోంది. ఇంజన్ మాత్రం ఇప్పటికీ ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. ముడతలు ముడతలుగా వచ్చే స్ప్రే రంగు ఉందట, అది కొడితే కొత్త బండిలా ఉంటుందట. ఇంటి దగ్గర నేనే చేసుకోవచ్చా? (నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ, కాకపోతే ఒక ఆదివారంలో అయిపోతుందనుకోకు. రెండు ఆదివారాలు పెట్టుకో, మధ్యలో వారమంతా బండి లేకుండా గడపగలిగేటట్టు చూసుకో.

ముందు కొనేటప్పుడు జాగ్రత్త. రింకిల్ పెయింట్ అని అడుగు. టెక్స్చర్ స్ప్రే అంటే కొన్ని షాపుల్లో పూలకుండీలకి రాతి గరుకుదనం ఇచ్చే డబ్బా చేతిలో పెడతారు, అది ఇంజన్ వేడికి నిలవదు. హేమర్‌టోన్ అని ఇంకోటుంది, సుత్తితో కొట్టినట్టు గుంటలు గుంటలుగా కనపడుతుంది, పాత లేత్ మిషన్ల మీద చూసే ఉంటావు. అది మంచిదే గానీ నువ్వడిగింది అది కాదు. పాత టైపు మిషన్ల మీద, పాత రేడియో యాంప్లిఫైర్ల మీద నల్లగా, చేత్తో తడిమితే గరుకుగా ఉండేదే ముడతల రంగు. పోత పోసిన లోహం మీద చిన్న చిన్న లోపాలుంటే కప్పేస్తుంది కాబట్టి కంపెనీలు ఎప్పటి నుంచో వాడుతున్నాయి. ఇంజన్ కవర్లకి అమ్మే రకం మామూలుగా 175 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది, ఇంజన్‌కి రెండు పక్కలా ఉండే క్లచ్ కవర్, మాగ్నెట్ కవర్ అంత వేడెక్కవు. సైలెన్సర్‌కి, సిలిండర్ రెక్కలకి మాత్రం కొట్టకు. సైలెన్సర్ మీదైతే కాలిపోతుంది, రెక్కల మీద అంత మందం రంగు పడితే ఇంజన్ చల్లారడానికి అడ్డం.

ఈ ముడత ఎలా వస్తుందో అర్థమైతే సగం పని వచ్చినట్టే. కాచిన పాలు దించి పక్కన పెడితే పైన మీగడ కడుతుంది, కింద పాలు ఇంకా పల్చగానే ఉంటాయి, గిన్నె కాస్త కదిపితే ఆ మీగడ ముడుచుకుంటుంది కదా. ఇదీ అంతే. రంగు పైపొర ముందు ఆరి చర్మంలా అవుతుంది, అడుగు ఇంకా పచ్చిగా ఉంటుంది, అడుగు ఆరుతూ ఉంటే పైపొరకి చోటు చాలక ముడతలు పడుతుంది. అంటే అడుగున పచ్చిగా ఉండేటంత రంగు అక్కడ ఉండాలి. మామూలు స్ప్రే పనిలో పల్చగా కొట్టు, పల్చగా కొట్టు అని చెబుతాం, ఇక్కడ దానికి పూర్తిగా తలకిందులు. పల్చగా కొడితే ఉత్త నల్ల రంగే మిగులుతుంది.

అసలు కష్టం రంగు కొట్టడంలో లేదు, అంతకు ముందున్న శుభ్రంలో ఉంది. నా మొదటి కవర్ పెట్రోలుతో తుడిచి, గుడ్డ తెల్లగా వచ్చింది కదా శుభ్రమైపోయిందనుకుని కొట్టేశాను. ముడత చక్కగా వచ్చింది. నెల తిరక్కుండా ఒక మూల లేచింది, గోరుతో పట్టుకుని లాగితే భీమాళి తాండ్ర లాగినట్టు అరచేయంత పొర ఒక్కసారే ఊడి వచ్చింది. దాని వెనకవైపు చూస్తే నూనె జిడ్డు. పోత అల్యూమినియంలో కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి తమ్ముడూ, ఏళ్ళ తరబడి ఆయిల్ వాటిలోకి ఇంకిపోతుంది, పైపైన తుడిస్తే పోదు. అప్పటి నుంచి నా పద్ధతి ఇది. కవర్ విప్పి కిరసనాయిలుతో మట్టీ గ్రీజూ కడుగుతాను, తర్వాత గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళు, పళ్ళ బ్రష్. ఆరాక ఎండలో పెట్టి కాసేపు వేడి గాలి ఊదే హీట్ గన్ పట్టుకుంటాను. అప్పుడు చూడు, శుభ్రంగా ఉందనుకున్న కవర్ మీద బోల్టు కన్నాల చుట్టూ, పాత గీతల వెంట చెమట పట్టినట్టు సన్నగా నూనె తేలుతుంది. మళ్ళీ కడుగు, మళ్ళీ వేడి చెయ్యి. మూడో సారికి తేలడం ఆగుతుంది. చివర్లో చెంబుడు నీళ్ళు పోసి చూడు, నీరు ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, తామరాకు మీద బొట్టుల్లా విడివిడిగా నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టు. ఈ నీళ్ళ పరీక్ష కాకుండా రంగు డబ్బా మూత తియ్యకు.

పాత రంగు పెయింట్ రిమూవర్‌తో తీయాలి, చేతికి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు పెట్టుకుని ఆరుబయట చెయ్యి. కొన్ని షెడ్లలో కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెడతారు, అది మాత్రం వద్దు. ఇనుముకైతే పరవాలేదు గానీ అల్యూమినియాన్ని తినేస్తుంది, బుడగలు బుడగలుగా గ్యాస్ వస్తుంది, కవర్ నల్లబడుతుంది, ఆయిల్ కారకుండా మధ్యలో వేసే ప్యాకింగ్ కూర్చునే అంచు కూడా అరిగిపోతుంది. తెల్ల పొడి ఉన్న చోట ఇత్తడి తీగల బ్రష్‌తో గీకి, 180 నంబర్ గరుకు పేపర్, తర్వాత 320 వాటర్ పేపర్ వెయ్యి. ఇనప బ్రష్ వాడితే దాని నలుసులు అల్యూమినియంలో దిగబడి తర్వాత మచ్చలు లేస్తాయి. మన దగ్గర చాలామంది రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తారు, అది ఇనుముకి పెట్టింది. అల్యూమినియం అయితే లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ అనే అడుగు రంగు పల్చగా ఒక్క కోటు చాలు, అయితే నువ్వు కొన్న డబ్బా మీద ప్రైమర్ గురించి ఏం రాసుందో చదివి అదే పాటించు.

ఇక కొట్టే రోజు. మన జిల్లాలో జనవరిలో తెల్లవారి మంచు పడుతుంది, తొమ్మిదిన్నర దాటాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి దుమ్ము రేపేలోపు ముగించు. నేల మీద నీళ్ళు చల్లుకో. డబ్బాలోని గ్యాస్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉండకూడదు. డబ్బా ఊపి, లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపు. మొదటి కోటు అడ్డంగా, ఐదు నిమిషాలాగి రెండోది నిలువుగా, మళ్ళీ ఐదు నిమిషాలాగి మూడోది ఏటవాలుగా, మూడూ బాగా తడి కనపడేటట్టు. కారిపోయే దాకా వెళ్ళకు. కవర్‌ని బల్ల మీద పడుకోబెట్టి కొడితే కారే భయం తక్కువ.

తర్వాత ముట్టుకోకు. పావుగంట, ఇరవై నిమిషాలు ఏమీ కనపడదు, తళతళలాడుతూ తడిగా ఉంటుంది, ఇది రాదేమోనని టెన్షన్ పట్టుకుంటుంది. ఎండ చాలకపోతే హెయిర్ డ్రయ్యర్ గానీ హీట్ గన్ గానీ జానెడు దూరం నుంచి కదుపుతూ పట్టు. ముందు ఒక మూల మెరుపు తగ్గి మసకబారుతుంది, ఆ మసకలోంచి వెంట్రుకంత గీతలు లేచి, ఒకదాన్నొకటి కలుపుకుంటూ నీ కళ్ళముందే కవరంతా పాకుతాయి. ఇన్నేళ్ళయినా ఆ రెండు నిమిషాలు నేను పని ఆపి చూస్తాను.

ముడత వచ్చిందంటే గట్టిపడిందని కాదు. ఆ వారం పొడి చోట వదిలెయ్యి. బిగించాక పావుగంట ఇంజన్ నడిపి పూర్తిగా చల్లారనివ్వు, అలా మూడు నాలుగు సార్లు చేస్తే ఆ వేడికే రంగు బిగుసుకుంటుంది. అప్పటిదాకా దాని మీద పెట్రోలు చుక్క పడనివ్వకు.

ప్రశ్న: గురువుగారూ, మాది కళింగపట్నం దగ్గర. బండి వెనక ట్రేలు కట్టుకుని చేపలు పట్టుకెళ్ళి అమ్ముతాను. ఐసు నీళ్ళు కారి కుడిపక్క కవరంతా పొక్కులు లేచిపోయింది. మా బావమరిది ఇదే ముడతల రంగు కొట్టించమంటున్నాడు. నిలుస్తుందా? (ఒక మత్స్యకార పాఠకుడు)

జవాబు: మీకు మాత్రం నేను వద్దంటాను. ఉప్పు నీళ్ళు పడే బండికి ముడతల రంగు సరిపడదు. ఆ ముడతల మధ్య సందుల్లో ఉప్పు కూర్చుంటే గుడ్డతో తుడిస్తే రాదు, రోజూ బ్రష్ పెట్టి కడగాలి, తెల్లారి మూడింటికి రేవుకి వెళ్ళే మనిషికి ఆ తీరిక ఎక్కడిది? అల్యూమినియం మీద దానంతటదే ఒక సన్న పొర కట్టుకుని లోహాన్ని కాపాడుతూ ఉంటుంది, ఉప్పు ఆ పొరని గుచ్చి లోపలికి గుంటలు తవ్వుతుంది. రంగుకి ఎక్కడో ఒక చోట చిన్న గీత పడితే చాలు, అక్కడి నుంచి రంగు కిందనే చెదపురుగు దారి తీసినట్టు పాక్కుంటూ పోతుంది. మీరు చూసిన పొక్కులు అవే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వెళ్ళాక ఉద్దానం వైపు నుంచి మా షెడ్డుకి వచ్చిన బండ్లలో ఇలాంటి కవర్లు చాలా చూశాను. పైన రంగు బాగానే ఉండేది, వేలితో నొక్కితే కింద పొడి కరకరలాడేది.

మీరు చెయ్యాల్సింది, గుంటలన్నీ శుభ్రంగా గీకించి, ఎచ్ ప్రైమర్ కొట్టించి, దాని మీద నున్నటి రంగు, ఆపైన క్లియర్ కోటు. నున్నగా ఉంటే చెంబుడు మంచినీళ్ళకే ఉప్పు జారిపోతుంది. బోల్టులు మళ్ళీ బిగించే ముందు మరలకి కాస్త గ్రీజు రాయించండి. ఉప్పు నీళ్ళ తడిలో ఇనప బోల్టు, అల్యూమినియం కలిసి ఉంటే అల్యూమినియం త్వరగా పాడై బోల్టు పట్టేస్తుంది, వచ్చేసారి విప్పేటప్పుడు తల విరుగుతుంది. ఇంకొకటి, రంగు కన్నా ముందు ఆ ట్రే కింద పాత ట్యూబు రబ్బరు ముక్క ఒకటి వాలుగా కట్టి నీళ్ళు ఇంజన్ మీద పడకుండా వెనక్కి కారేటట్టు చూడండి. అది లేకుండా ఏ రంగేసినా మళ్ళీ ఇదే గతి.

ప్రశ్న: కవర్లకి రంగు కొట్టించి బిగించాక క్లచ్ కవర్ కింద ఆయిల్ చెమ్మ వస్తోంది. ఇంతకు ముందు లేదు. ప్యాకింగ్ కొత్తదే వేశారు. (రాజాం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఒకసారి విప్పి, ప్యాకింగ్ కూర్చునే అంచు మీద రంగు పడిందేమో చూడండి, నా అనుమానం అదే. ఆ అంచు ఒట్టి లోహంగానే ఉండాలి. రంగు ఉంటే వేడికి మెత్తబడి, ఆయిల్‌కి ఉబ్బి, పొట్టుగా ఊడి సందు ఇస్తుంది. ముడతల రంగైతే మందం కాబట్టి ఇంకా ఘోరం. రంగు కొట్టే ముందు అంచుకీ, లోపలి వైపుకీ, కిక్ రాడ్ సీల్ ఉండే కన్నానికీ మాస్కింగ్ టేప్ వేసి, అంచు వెంట బ్లేడుతో కోసుకోవాలి. బోల్టు తల కూర్చునే చోట కూడా రంగు ఉండకూడదు, లేకపోతే రంగు నలిగి బిగువు వదులవుతుంది. ఇప్పుడు ఆ అంచు మీద రంగుని థిన్నర్ గుడ్డతో తుడవండి, స్క్రూడ్రైవర్‌తో గీకితే గీత పడి ఎప్పటికీ కారుతూనే ఉంటుంది. కవర్‌ని సరైన చోట నిలబెట్టే రెండు డోవెల్ పిన్నులు వాటి చోట్లలో ఉన్నాయో లేదో చూసుకోండి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి, ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, బలమంతా ఉపయోగిస్తే మరలు ఊడి చేతికొస్తాయి. పొడుగు బోల్టులు, పొట్టి బోల్టులు తారుమారైనా ఇదే బాధ. అట్ట మీద కవర్ బొమ్మ గీసి ఏ కన్నం బోల్టు ఆ కన్నంలో గుచ్చి పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

అడగని మాట ఒకటి. కవర్‌కి శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలితో ఇసుక కొట్టి పాత రంగు తీయడం, చేయించారా? చేయించి ఉంటే ఆయిల్ దారుల్లో ఇసుక మిగిలిందేమో వెంటనే చూడాలి. ఆయిల్ చెమ్మ వల్ల ఇంజన్ చావదు, చిటికెడు ఇసుక లోపలికి పోతే బేరింగులు, పిస్టన్ అన్నీ పోతాయి.

ప్రశ్న: నమస్తే అండీ. నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. మా నాన్నగారి పాత యమహా ఆర్‌ఎక్స్ 100 పదేళ్ళుగా వరండాలో ఉంది. ఆయన పుట్టినరోజుకి బాగు చేయించి ఇవ్వాలని ఉంది. కవర్లకి నల్ల ముడతల రంగు వేసి, దాని మీది అక్షరాలు మాత్రం వెండిలా మెరిసేటట్టు చేయవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: చేయవచ్చమ్మా, చాలా బాగుంటుంది కూడా. రంగు పూర్తిగా గట్టిపడ్డాక, కనీసం వారం ఆగి, నున్నటి చెక్క ముక్కకి 400 నంబర్ పేపర్ చుట్టి ఉబ్బెత్తు అక్షరాల మీద మాత్రం చదునుగా రుద్దాలి. వేలితో పేపర్ నొక్కి రుద్దితే చుట్టూ ఉన్న రంగు కూడా పోతుంది. లోహం బయటపడ్డాక సన్న బ్రష్‌తో క్లియర్ లక్కర్ పూస్తే నల్లబడకుండా ఉంటుంది.

అయినా చేసే ముందు ఒకటి ఆలోచించు. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 వరకే తయారైంది, కాబట్టి కంపెనీ నుంచి వచ్చిన రూపంలోనే ఉంచుకోవాలనుకునేవాళ్ళు చాలామంది. మీ నాన్నగారు ఆ బండి మీద తిరిగిన రోజుల్లో కవర్లు ఎలా ఉండేవో పాత ఫోటోల్లో చూడు, లేదా మాటల్లో పెట్టి ఆయన్నే అడుగు. ఆయనకి అలాగే కావాలంటే ముడతల రంగు వదిలేసి పాత పద్ధతిలోనే చేయించు. ఇంకో జాగ్రత్త, అది టూ స్ట్రోక్ బండి. కవర్ విప్పేటప్పుడు ఆయిల్ పంపు పైపు ఊడదీస్తే మళ్ళీ పెట్టాక దానిలోని గాలి పూర్తిగా తీయాలి. గాలి అలాగే ఉండిపోతే పిస్టన్‌కి ఆయిల్ అందక బిగుసుకుపోతుంది. ఈ మాట మెకానిక్‌కి నువ్వు గుర్తు చెయ్యి, మొహమాటపడకు. ఇంజన్ నంబరు మీద మాత్రం ఎక్కడా రంగు పడకూడదు, చెకింగ్‌లో చదవడానికి రాకపోతే అనవసరమైన తిప్పలు.

ప్రశ్న: మూడు కోట్లు కొట్టాను. మధ్యలో ముడత బాగా వచ్చింది, అంచుల దగ్గర నున్నగానే ఉండిపోయింది. దాని మీదే ఇంకో కోటు కొట్టేయనా? (బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇప్పుడే కొట్టకండి. సగం ఆరిన రంగు మీద మళ్ళీ పడితే కిందది ఉడికినట్టు లేచిపోతుంది. డబ్బా మీద మళ్ళీ కొట్టడానికి ఎంత టైము రాశారో చూడండి, ఆ టైము దాటిపోతే పూర్తిగా గట్టిపడే దాకా ఆగాల్సిందే. అంచుల దగ్గర రంగు నిలవక లోపలికి జారుతుంది, అందుకే అక్కడ పల్చబడి ముడత రాలేదు. గట్టిపడ్డాక మొత్తం 320 పేపర్‌తో తోమి మొదటి నుంచి కొట్టండి, ఈసారి ముందు అంచుల చుట్టూ ఒక తిప్పు తిప్పి ఆ తర్వాత మూడు కోట్లు. అతుకు పనిగా అంచులకి మాత్రమే కొడితే రెండు రకాల ముడతలు పక్కపక్కన ఉండి ఎబ్బెట్టుగా కనపడుతుంది. రెండు కవర్లూ ఒకే రోజు, ఒకే డబ్బాతో కొట్టమని చెప్పేదీ ఇందుకే.

ప్రశ్న: స్ప్రే కన్నా పౌడర్ కోటింగ్ మంచిదంటున్నారు, నిజమేనా? (పలాస నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రంగు పొడి అంటించి వేడిలో కరిగించే పద్ధతి అది. గట్టిదనంలో అదే మేలు, గరుకు రకం పౌడర్ కూడా దొరుకుతుంది. కాకపోతే 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చాలి, కాబట్టి కవర్‌లో ఉన్న సీళ్ళు, బేరింగులు, గేర్ ఆయిల్ చూసే అద్దం అన్నీ తీసి పంపాలి, తిరిగి కొత్తవి వేయాలి. విశాఖ ఆటోనగర్ దాకా తీసుకెళ్ళే ఓపిక, సీళ్ళు మార్చే మెకానిక్ ఉంటే చేయించండి. జీడి ఫ్యాక్టరీల పక్కన బండి పెట్టేవాళ్ళయితే మరీ మంచిది, జీడిగింజ పెంకు నూనె అంటితే జిగటగా పట్టేసి మామూలు రంగు మీద మరకలు వదలవు.

ప్రశ్న: ముడతల రంగు ఉన్న కవర్లని ఎలా కడగాలి? సర్వీసింగ్‌కి ఇస్తే డీజిల్ కొట్టేస్తున్నారు. (చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డీజిల్ వద్దని ముందే చెప్పండి. కొత్త రంగుని మెత్తబరుస్తుంది, ఆ జిడ్డుకి దుమ్మంతా ముడతల్లో అతుక్కుని నెల తిరిగేసరికి నలుపు బూడిద రంగులోకి మారిపోతుంది. షాంపూ నీళ్ళు, మెత్తటి పళ్ళ బ్రష్, ఆ తర్వాత మంచినీళ్ళు చాలు. బండి నడిపి వచ్చిన వెంటనే కాకుండా ఇంజన్ చల్లారాక కడగండి, బ్రేక్ ఆయిల్ పడితే మాత్రం ఆ క్షణమే నీళ్ళు పోసేయండి.